పాట ఆగాక మొదలయ్యే బాధ

నేను రాస్తున్న ఆడియో ప్రోగ్రామ్‌లో పాట నడుస్తున్నంతసేపూ సీపీయూ హాయిగానే ఉంటుంది. పాట అయిపోయి, రివర్బ్ (పాటకి చేర్చే ప్రతిధ్వని) సన్నబడి, ఇక చెవికి ఏమీ ఆనని చోట సీపీయూ మీటర్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. "ఏమీ వినపడట్లేదు కదా, ఏం వింటున్నావ్ నాన్నా?" అని చిన్నోడు హెడ్‌ఫోన్స్ లాక్కుని మరీ చూశాడు.

ఇదంతా డీనార్మల్స్ అనే అతి చిన్న సంఖ్యల పని. రివర్బ్ ఫీడ్‌బ్యాక్‌లో మళ్లీ మళ్లీ తిరిగే శాంపిల్ (ధ్వనిని చెప్పే సంఖ్య) చుట్టుచుట్టుకీ తగ్గుతూ పోతుంది. దశాంశ బిందువు తర్వాత 37 సున్నాలు పెట్టి 118 రాస్తే ఎంతో, సింగిల్ ప్రెసిషన్‌లో (32 బిట్ల లెక్కల్లో) మామూలు సంఖ్యలకు దాదాపు అదే అడుగు. ఇంకా కిందికి దిగినవే డీనార్మల్స్. అవి తగిలితే చాలా ఇంటెల్ చిప్‌లు ఆ లెక్కను మైక్రోకోడ్‌కి (చిప్ లోపలి నెమ్మది దారికి) అప్పజెప్తాయి. ఒక్క గుణకారానికి వందకు పైగా సైకిళ్లు పోతాయి.

హాస్టల్‌లో మావాడి పెంటియం 4 గుర్తొచ్చింది. వార్షికోత్సవానికి పాటలు దానిమీదే రికార్డు చేశాం. పాట అవగానే గరగర, పైన ఫ్యాన్ మోత. షాపతను ర్యామ్ చాలదని కొత్తది అంటగట్టాడు, డబ్బులు అందరం వేసుకున్నాం. గరగర పోలేదు. తమాషా ఏంటంటే, మైక్ ఆన్‌లో ఉంటే ఏ గొడవా లేదు, మ్యూట్ చేస్తేనే మొదలయ్యేది. మైక్‌లోని ఆ కాస్త సొద సంఖ్యల్ని అంత కిందికి దిగనివ్వలేదు మరి!

అసలు చిరాకు మా టీమ్ కుర్రాడితో. "ఫాస్ట్‌మ్యాథ్ పెట్టేద్దాం సార్, అయిపోతుంది." అది లెక్కల నియమాలు సడలించి వేగం పెంచే కంపైలర్ ఫ్లాగ్, డీనార్మల్స్‌ని సున్నా చేసేస్తుంది. ఏం అయిపోతుంది? జీసీసీ కంపైలర్ 13వ వెర్షన్ రాకముందు, ఆ ఫ్లాగ్‌తో లింక్ చేసిన షేర్డ్ లైబ్రరీ లోడైతే చాలు, దాన్ని పిలిచిన ప్రోగ్రామ్ లెక్కలు కూడా మారిపోయేవి. మన క్లయింట్ వాడేది పాత కంపైలరే. పైగా నాన్ (NaN, అంటే సంఖ్య కాని ఫలితం) చెక్‌లు ఎగిరిపోతాయి. చెప్తే, "ఎవరు చూస్తారు సార్?" అన్నాడు. కాల్‌లో మేనేజర్ నవ్వాడు కూడా.

మధ్యాహ్నం దాకా ఈ డీనార్మల్స్‌ని కంప్యూటర్ లెక్కల ప్రమాణంలో పట్టుబట్టి పెట్టించిన ప్రొఫెసర్ విలియం కహాన్ మీదే కోపం. అన్నం తింటుంటే మెత్తబడ్డాను. ఇవి లేకపోతే రెండు వేర్వేరు చిన్న సంఖ్యల తేడా సున్నా అయి కూర్చోవచ్చు. సమానం కావని చూసుకుని ఆ తేడాతో భాగించినా సున్నాతో భాగించినట్టే అవుతుంది. ఈ పద్ధతి తప్పని తేల్చమని డీఈసీ అనే కంప్యూటర్ కంపెనీ పిలిపించుకున్న నిపుణుడే 1981లో కహాన్ వైపు మాట్లాడాడు. 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణంలో అందుకే ఉంది. సరే, ఆయనది న్యాయమే. కానీ వినపడని రివర్బ్‌కి అంత న్యాయం ఎందుకు?

కాల్‌బ్యాక్ (ఆడియో ముక్కముక్కకీ నడిచే ఫంక్షన్) మొదట్లో ఫ్లష్ టు జీరో (డీనార్మల్స్‌ని సున్నా చేసే సెట్టింగ్) ఆన్ చేసి, చివర్లో పాత సెట్టింగ్ తిరిగి పెట్టేశాను. మీటర్ కదల్లేదు. పాతది తిరిగి పెట్టడానికి అదనంగా లైన్లు ఎందుకని రేపు ఆ కుర్రాడు అడుగుతాడు. అడగనీ.