సెట్‌పాయింట్ కదలకపోయినా గెయిన్లు ఎందుకు పెరుగుతాయి?

నల్గొండ వైపు బత్తాయి తోటలో ఒక్క బోరుకు నాలుగు గేట్ వాల్వులు ఉన్నాయనుకుందాం. ఒక్కటి తిప్పితే పైపులో ప్రెషర్ ఒక తీరు, నాలుగూ తిప్పితే ఇంకో తీరు. మోటరుకు వీఎఫ్‌డీ (వేగం మార్చే డ్రైవ్) ఉంటే, ప్రెషర్‌ను మనం కోరిన విలువ (సెట్‌పాయింట్) దగ్గర నిలపడానికి, గెయిన్లు, అంటే లెక్కలోని గుణకాలు, తనే దిద్దుకునే అడాప్టివ్ కంట్రోలర్ పెట్టొచ్చు. రాయడం తేలికే:

అవుట్‌పుట్ = కె1 × సెట్‌పాయింట్ − కె2 × ప్రెషర్

కె1, కె2లే ఆ గెయిన్లు. అవుట్‌పుట్ 1 అంటే మోటరుకు 50 హెర్ట్జ్. ప్రెషర్ ఎలా నడవాలో చూపే లెక్కే రెఫరెన్స్ మోడల్; దాని టైమ్ కాన్‌స్టంట్ (సెట్‌పాయింట్ వైపు ఎంత త్వరగా చేరాలో చెప్పే కొలత) 2 సెకన్లు. అసలు ప్రెషర్‌లోంచి మోడల్ ప్రెషర్ తీసేస్తే ఎర్రర్. కె1 మారే వేగం −గామా × ఎర్రర్ × సెట్‌పాయింట్ (గామా అంటే దిద్దుబాటు ఎంత వేగంగా జరగాలో మనం పెట్టే అంకె). కె2ది గామా × ఎర్రర్ × ప్రెషర్.

తంటా ఇక్కడే. సెట్‌పాయింట్ 1.5 బార్ దగ్గర నిలిచిపోయాక మోడల్ ప్రెషర్ కూడా అక్కడే నిలుస్తుంది. అప్పుడు ఆ రెండు వేగాలూ కూడి చూడండి: గామా × ఎర్రర్ × ఎర్రర్ మిగులుతుంది. వర్గం కదా, ఎప్పుడూ ప్లస్సే. ఊగుడు పైకీ కిందికీ సమానంగా ఉంటే కొట్టుకుపోతుందిలే అనుకుంటాం, పోదు. కరెంటు ఎగుడుదిగుడుకు ప్రెషర్ అటూ ఇటూ 0.14 బార్ ఊగితే వర్గం సగటు 0.01. గామా 0.1 అయితే గంటకు కె1, కె2ల మొత్తం 3.6 పెరుగుతుంది, అంటే చెరో 1.8. సగటు అవుట్‌పుట్‌కు కావాల్సింది వాటి తేడానే కాబట్టి పైకి ఏమీ తెలియదు. కానీ అప్పటికి 0.1 బార్ కదిలితే చాలు, మోటరు 9 హెర్ట్జ్ ఎగురుతుంది. తెలంగాణలో 2018 జనవరి నుంచి సాగుకు 24 గంటల కరెంటు. ఆపకుండా నడిపితే ఈ పెరుగుడుకూ ఆగడం ఉండదు.

మందు డెడ్‌జోన్, అంటే ఎర్రర్ చిన్నదైతే పట్టించుకోని హద్దు. డిస్టర్బెన్స్ ప్రెషర్‌ను సెకనుకు 0.1 బార్‌కు మించి నెట్టదనుకుంటే, మోడల్ టైమ్ కాన్‌స్టంట్ 2 సెకన్లతో గుణిస్తే 0.2 బార్. ఎర్రర్ అంతలోపు ఉంటే గెయిన్లు ముట్టుకోవద్దు. ఆ మేరకు తేడా మిగిలిపోతుంది. డ్రిప్పుకు అది పెద్ద లెక్క కాదు. లీకేజీ (పైపు కారడం కాదు, గెయిన్లను మెల్లగా ఒక విలువ వైపు లాగే పద్ధతి) పెట్టేవాళ్లు గెయిన్లను సున్నా వైపు లాగొద్దు, ప్రెషర్ సెట్‌పాయింట్‌కు దూరంగా జారుతుంది. నాలుగు వాల్వులూ తిప్పి ముందే కొలిచిన విలువల వైపు లాగాలి. కె2కు 0 నుంచి 1 దాకా హద్దు కట్టాలి.

బోరు గాలి పీల్చినప్పుడు ఇవేవీ చాలవు. నీళ్లు లేక ప్రెషర్ పడుతుంది, కె1 ఎక్కుతూనే ఉంటుంది, మోటరు 50 హెర్ట్జ్ తాకి నిలుస్తుంది. నీళ్లు తిరిగి రాగానే ప్రెషర్ ఒక్కసారి పైకి లేచి చెట్ల వరసల వెంట వెళ్లే సన్న లేటరల్ పైపులు ఊడతాయి. అందుకే అవుట్‌పుట్ హద్దు తాకిన క్షణమే అడాప్టేషన్ (గెయిన్ల దిద్దుబాటు) ఆపేయాలి.

కె1, కె2ల మొత్తాన్ని మాత్రం లాగ్‌లో పెట్టండి. సెట్‌పాయింట్ మారకుండా, వాల్వు తిప్పకుండా అది మెల్లగా ఎక్కుతోందంటే మీ డెడ్‌జోన్ చిన్నదన్నట్టే.