వణికే పెదవుల మీద ఆనందం

బైబిల్లోని హబక్కూకు గ్రంథం చాలా చిన్నది. మూడే అధ్యాయాలు, 56 వచనాలు. కానీ కష్టంలో ఉన్నవాళ్లు అందులోని మొదటి ప్రార్థన దగ్గరే ఆగిపోతారు: "యెహోవా, నేను మొఱ్ఱపెట్టినను నీవెన్నాళ్లు ఆలకింపకుందువు?" ఇలా అడిగినందుకు దేవుడు ఆ ప్రవక్త మీద కోపపడలేదు, జవాబిచ్చాడు. అయితే ఆ జవాబు అతను ఎదురుచూసినది కాదు. కల్దీయులు, అంటే బబులోను సైన్యం, దండెత్తి రాబోతున్నారన్నది ఆ కబురు.

అంతటి కబురు విన్న మనిషే చివర్లో "నేను యెహోవాయందు ఆనందించెదను" అన్నాడు. 3వ అధ్యాయం 18వ వచనం. ఈ మాట చాలామందికి కంఠతా వచ్చు. దానికి రెండు వచనాల ముందున్నది మాత్రం తరచుగా వదిలేస్తాం. అక్కడ అతని అంతరంగం కలవరపడుతోంది, పెదవులు వణుకుతున్నాయి, ఎముకలు కుళ్లిపోతున్నాయి, కాళ్లు వణుకుతున్నాయి. ఆ తర్వాత పరిస్థితేమీ మారలేదు. శత్రువు వెనక్కి వెళ్లలేదు, కొత్త వాగ్దానమేదీ వినపడలేదు. వణికిన ఆ పెదవులే ఆనందించెదను అన్నాయి.

భయం పోతేనే ఆనందం వస్తుందని చాలాకాలం అనుకున్నాను. రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టకపోతే, అసలు నాలో విశ్వాసం ఉందా అన్న బాధ దానికి తోడయ్యేది. 16వ వచనాన్ని నిదానంగా చదివిన రోజు ఆ రెండో బరువు దిగిపోయింది. కాళ్లు వణకడం అవిశ్వాసం కాదు. ఏడుస్తున్నవాళ్ల దగ్గరికి వెళ్లి "విశ్వాసులు ఏడవకూడదు" అని చెప్పడం ఎంత తప్పో కూడా అప్పుడే తెలిసింది. "ఏడ్చువారితో ఏడువుడి" అని కదా వాక్యం చెప్పేది.

మధ్యలో ఉన్న 17వ వచనాన్ని చూడండి. అంజూరపు చెట్టు పూయలేదు. ద్రాక్ష కాయలేదు. ఒలీవకు కాపు లేదు. ఆ కాలంలో ఒలీవ నూనె లేకపోతే వంటకూ దీపానికీ ఇబ్బందే, గాయానికి రాయడానికీ ఉండదు. చేలో పైరు పండలేదు, అంటే తిండిగింజలే లేవు. దొడ్డిలో గొఱ్ఱెలు లేవు, సాలలో పశువులు లేవు, అంటే మళ్లీ దున్ని మొదలుపెట్టే దారి కూడా మూసుకుపోయింది. ఈ ఏటి పంటతో పాటు వచ్చే ఏటి ఆశ కూడా పోయింది. హబక్కూకు ఏదీ దాచలేదు, దేన్నీ తగ్గించి చెప్పలేదు. పోయేవాటిని ఒక్కొక్కటిగా పేరు పెట్టి లెక్కపెట్టాకే "యెహోవాయందు" అన్నాడు.

ఆ "యందు" దగ్గరే నా మనసు ఆగిపోతుంది. మనం సాధారణంగా వచ్చినదాన్ని బట్టి సంతోషిస్తాం. ఉద్యోగం వచ్చింది, జబ్బు నయమైంది, దేవుడు చేసిన మేలు ఇదీ అని అందరి ముందు సాక్ష్యం చెప్పాం. అది మంచిదే, చెప్పాల్సిందే. కానీ అతని చేతిలో సాక్ష్యం చెప్పడానికి ఏమీ మిగలదు. అతనికి మిగిలేది దేవుడు ఒక్కడే. శత్రువు ఎత్తుకుపోలేని చోట అతని ఆనందం ఉంది.

"నా రక్షణకర్తయైన నా దేవునియందు" అని అతను అన్న మాట తర్వాత యేసు తల్లి మరియ నోట మళ్లీ వినిపిస్తుంది: "నా ఆత్మ నా రక్షకుడైన దేవునియందు ఆనందించెను." పెళ్లి కాకుండానే గర్భవతి అయిన అమ్మాయి పాడిన పాట అది. లోకం ఏమంటుందో ఆమెకు తెలియకుండా ఉంటుందా? ఆమె కన్న ఆ రక్షకుడే, తనను పట్టుకుపోయే రాత్రి శిష్యులతో "మీ సంతోషమును ఎవడును మీయొద్దనుండి తీసివేయడు" అన్నాడు. మీరు ఏడుస్తారు, దుఃఖపడతారు అని ముందే చెప్పాడు. నేను మిమ్మల్ని మళ్లీ చూస్తాను అని మాటిచ్చాడు. మూడో రోజున సమాధిలోంచి లేచి వచ్చి ఆ మాట నిలబెట్టుకున్నాడు. మన సంతోషం ఆయన బ్రతికి ఉండడం మీద నిలబడింది. అందుకే మన రోజు ఎలా గడిచినా అది మిగిలి ఉంటుంది.

ఈ వారం 17వ వచనాన్ని మీ సొంత మాటల్లో ప్రార్థన చేసి చూడండి. పోయిన ఉద్యోగం, తిరిగిరాని మనిషి, మంచి కబురు లేని రిపోర్టు, ఏదైతే అది, పేరు పెట్టి చెప్పండి. తర్వాత 18వ వచనం చదవండి. గొంతు వణికినా పర్వాలేదు.

అదీ చేతకాని రోజులుంటాయి. అలాంటి రోజుల కోసమేనేమో, ఈ ప్రార్థన చివర ప్రధాన గాయకునికి, తంతివాద్యాలతో పాడాలి అని రాసి ఉంది. ఒంటరిగా మొఱ్ఱపెట్టిన మనిషి తన ప్రార్థనను నలుగురూ కలిసి పాడుకోవడానికి ఇచ్చేశాడు. మీకు నోరు పెగలకపోతే సంఘంలో వెనక కూర్చోండి చాలు. మీ వంతు కూడా మిగతావాళ్లు పాడతారు.