చెరువు మూలన కొర్రమీను గూడు

పొద్దున్న పాలు తెస్తూ చెరువు గట్టు మీద ఆగిపోయాను. రాత్రి వానకి నీళ్లు ఎర్రగా ఉన్నాయి. రేవుకి అవతలి మూల గుర్రపుడెక్కలో పళ్లెమంత మేర ఖాళీగా, ఎవరో చేత్తో ఏరేసినట్టు ఉంది, అందులో పసుప్పచ్చటి పూసల్లా ఏవో తేలుతున్నాయి.

వల ఆరేసుకుంటున్న తాత "ఏటి బాబూ సూస్తన్నావు? కొర్రమీను గుడ్లెట్టింది, అటు దిగకు, కింద తల్లుంటాది" అన్నాడు.

ఆడా మగా కలిసి ఆకులు పక్కకి నెట్టి ఆ చోటు చేసుకుంటాయి. నాకు మనసు నిండిపోయింది, ఎందుకంటే ఆ చోటులో ఎంత లెక్క ఉందో చూడండి: కొర్రమీను గుడ్డులో నూనె చుక్క ఉంటుంది, అందుకే పైకి తేలుతుంది, చెరువు నడుమ పెడితే గాలికి చెల్లాచెదురైపోతాయి, ఒడ్డున గుర్రపుడెక్క వాటికి కంచె. బొచ్చె, శీలావతి అలా కాదు, వరద నీటిలో గుడ్లు వదిలి వెళ్లిపోతాయి, నిలవ నీళ్ల చెరువుల్లో పెట్టవు, అందుకే పిల్లలు కొనితెచ్చి వేస్తాం. ఎక్కడో చల్లటి దేశాల సాల్మన్ తల్లి అయితే గులకరాళ్ల సందుల్లోంచి నీరు పారే చోటు వెతికి, తోకతో తవ్వి గుడ్లు పెట్టి, మళ్లీ గులకతో కప్పేస్తుంది, నీరు పారకపోతే లోపలి గుడ్లకి ఊపిరాడదు మరి.

గజపతినగరం పని చూసుకుని మధ్యాహ్నం వచ్చేసరికి గట్టు మీద జేసీబీ. గుర్రపుడెక్క మొత్తం లాగేస్తారట. లాగాల్సిందే, అది చెరువంతా కమ్మేస్తే కింద నీళ్లు పాడైపోతాయి. కానీ ఆ మూల? నాకు ఒకటే టెన్షన్. సముద్రంలో అయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, 61 రోజులు వేట ఆపుతారు, చింతపల్లి వైపు మరపడవలన్నీ ఒడ్డెక్కుతాయి. మా చెరువు కొర్రమీనుకి ఒక్క మూల ఇవ్వలేమా?

డ్రైవర్ని బతిమాలాను. తాత కూడా వచ్చి నిలబడ్డాడు. "ఒకట్రెండు రోజుల్లో పిల్లలైపోతాయి బాబూ, కానీ ఎర్రగా గుంపు కట్టి తల్లి ఎనకే తిరుగుతాయి, అవి కాస్త ఎదిగేదాకా ఆ మూల ఒగ్గీ" అన్నాడు. డ్రైవర్ కాసేపు ఆలోచించి బకెట్ ఇటు తిప్పాడు.

సాయంత్రం మళ్లీ వెళ్లాను. చెరువంతా బోసిగా, ఆ మూల మాత్రం పచ్చగా ఉంది. కాసేపటికి గుడ్ల పక్కన నల్లటి తల ఒకటి పైకొచ్చి, గాలి ఒక్క గుక్క తీసుకుని కిందకి పోయింది.