తలపట్టుకుని పాసయ్యాను: క్రేనియల్ ఆస్టియోపతీతో నా అనుభవం

అమెరికాలో డీఓ (ఆస్టియోపతీ డాక్టర్) కోర్సులో చేరిన మన పిల్లల్లో చాలామందికి క్రేనియల్ ల్యాబ్ అంటే టెన్షనే. పుర్రె ఎముకల్ని చేతులతో మెల్లగా పట్టి వైద్యం చేయడం నేర్పే క్లాసది. నడుమో మెడో పట్టుకుంటే చేతికి ఏదో ఒకటి తెలుస్తుంది. ఇక్కడ క్లాస్‌మేట్ తల పట్టుకుని, లోపల నిమిషానికి 10 నుంచి 14 సార్లు వస్తుందనే ఒక లయను వేళ్లతో పసిగట్టాలి.

చూపుడువేలు కణత దగ్గర స్ఫీనాయిడ్ (పుర్రె అడుగున రెక్కలతో ఉండే ఎముక) రెక్క మీద, మధ్యవేలు చెవి ముందు, ఉంగరపు వేలు చెవి వెనక, చిటికెనవేలు ఆక్సిపుట్ (తల వెనక ఎముక) మీద. బొటనవేళ్లు తలకి తగలకూడదు. పక్క బల్ల దగ్గర "ఆ, వచ్చింది" అంటుంటే, నాకు మాత్రం నా వేళ్లలో కొట్టుకుంటున్న నా నాడే తెలిసేది.

అసలు ఇదంతా ఎవరు మొదలుపెట్టారో చూద్దామని విలియం గార్నర్ సదర్లాండ్ గురించి చదివాను. 1873లో పుట్టిన ఈయన మొదట పత్రికల్లో పనిచేశాడు. తర్వాత మిస్సోరీలోని కర్క్స్‌విల్‌లో ఆస్టియోపతీ మూలపురుషుడు ఆండ్రూ టేలర్ స్టిల్ పెట్టిన స్కూల్లో చేరి 1900లో పట్టా తీసుకున్నాడు. చదువుకునే రోజుల్లోనే, విడదీసి పెట్టిన పుర్రెలో చెవి దగ్గరుండే టెంపోరల్ ఎముక అంచు చేప మొప్పలా ఏటవాలుగా ఉండటం చూసి, ఇది కదలడానికే ఇలా ఉందనుకున్నాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి తోలు పట్టీలూ హెల్మెట్‌లాంటివీ తన తలకే బిగించుకుని ప్రయోగాలు చేశాడు. ఆయన తీరులో వచ్చే మార్పుల్ని భార్య ఏడా గమనించేది. ఆ ఇల్లాలి ఓపికకి దండం పెట్టాలి! 1939లో ది క్రేనియల్ బౌల్ అనే చిన్న పుస్తకం వేశాడు. 1954లో చనిపోయాడు.

అది చదివాక ల్యాబ్‌లోని ప్లాస్టిక్ పుర్రె ముక్కలు తీసి, టెంపోరల్ అంచుని దాని పైనుండే పెరైటల్ ఎముక మీద ఆనించి చూశాను. నిజంగానే పెంకు మీద పెంకులా ఎక్కి కూర్చుంది. అక్కణ్నుంచి బట్టీ మానేశాను. ఒక పిడికిలి స్ఫీనాయిడ్, రెండోది ఆక్సిపుట్ అనుకుని ఎదురెదురుగా మెలితిప్పితే టార్షన్. స్ఫీనాయిడ్ పెద్దరెక్క ఏ వైపు పైకి లేస్తే ఆ వైపు పేరే, కుడివైపు లేస్తే కుడి టార్షన్. ఇలా ఎముకల అమరికలో వచ్చే తేడాల్నే స్ట్రెయిన్‌లంటారు. మిగతా స్ట్రెయిన్‌లూ అలాగే చేతులతో తిప్పుకుంటూ నేర్చుకున్నాను.

నమ్మకం కుదిరిందా అంటే, లేదు. స్ఫీనాయిడ్‌కీ ఆక్సిపుట్‌కీ మధ్య కీలు యుక్తవయసుకే గట్టిపడి కలిసిపోతుంది. ఒకే తల మీద ఇద్దరు పరీక్షకులు లెక్కపెట్టిన లయలు సరిపోలడం లేదని అధ్యయనాలున్నాయి. ఇదే మా మేడమ్‌ని అడిగితే, "చేతులు సరైన చోట పెట్టు, ఏం చేస్తున్నావో చెప్పు, తెలియనిది తెలిసినట్టు నటించకు" అన్నారు. ప్రాక్టికల్‌లో అంతే చేశాను, పాసయ్యాను.

సదర్లాండ్ శిష్యురాలు వయోలా ఫ్రైమన్ ఈ పద్ధతిని పిల్లల వైద్యంలోకి తీసుకెళ్లి, 1982లో శాన్ డియాగోలో వాళ్లకోసం ఒక కేంద్రం పెట్టింది. తర్వాత జాన్ అప్లెడ్జర్ క్రేనియోసేక్రల్ థెరపీ పేరుతో డాక్టర్లు కానివాళ్లకీ నేర్పాడు. విజయవాడ నుంచి ఫోన్ చేసిన అమ్మ, "అట్లా పట్టుకుంటే నా తలనొప్పి పోతుందంటే?" అని అడిగింది. కాసేపు హాయిగా ఉంటుందమ్మా, అంతకుమించి గ్యారంటీ ఇవ్వలేనన్నాను.

డీఓల లైసెన్సు పరీక్ష కామ్లెక్స్‌లోనూ ఈ ప్రశ్నలు వస్తాయి కాబట్టి, జూనియర్లూ, చార్టులు పక్కనపెట్టి ముందు ఆ ప్లాస్టిక్ ఎముకలు చేతిలోకి తీసుకోండి.