జీతానికి గొర్రెలు కాసే మామ

"అమ్మా, జీతగాడు తోడేలును చూసి పారిపోతాడని సండే స్కూల్లో చెప్పావు కదా. మరి మామ కూడా జీతానికే కదా గొర్రెలు కాసేది?"

శుక్రవారం ఆరాధన ముగిసి అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు మా అమ్మాయి ఈ మాట అడిగింది. కువైట్‌లో శుక్రవారమే సెలవు కనుక మా ఆదివారపు బడి కూడా ఆ రోజే. మా అమ్మాయి మామ అని పిలిచే మనిషి మాకు ఎదురుగానే కూర్చుని పెరుగన్నం కలుపుకుంటున్నాడు. ఆయనది రాయచోటి దగ్గర ఒక పల్లె. ఇక్కడ కబ్ద్ వైపు ఎడారిలో ఒక కఫీలు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, మందను కాస్తాడు. సెలవు దొరికితేనే సంఘానికి రాగలడు. వచ్చినప్పుడల్లా ఫోనులో కొత్తగా పుట్టిన గొర్రెపిల్లల ఫోటోలు పిల్లలకు చూపిస్తాడు.

పిల్ల అడిగినదాంట్లో తప్పేమీ లేదు. యోహాను సువార్త 10వ అధ్యాయం దానికి చెప్పింది నేనే. మంచి కాపరి గొర్రెల కోసం ప్రాణం పెడతాడు, జీతగాడికి అవి తనవి కావు కనుక వదిలి పారిపోతాడు. అది చెబుతున్నంతసేపూ నా కళ్ళ ముందు ఉన్నది మా తాత.

మాది జమ్మలమడుగు వైపు. లండన్ మిషనరీ సొసైటీ కడపలో పని మొదలుపెట్టింది 1822లో. ఆ సొసైటీ నాటిన సంఘాలు 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) కలిశాయి. ఆ సంఘాల్లో పెరిగిన తాతకు చదువు అంతంతమాత్రం, బైబిలు వాక్యం మాత్రం మందలో కనిపించేది. కోతలు అయ్యాక రైతులు ఎరువు కోసం తమ చేలో మంద నిలపమని అడిగేవారు. చీకటి పడేలోగా ముళ్ళకంపతో చుట్టూ దొడ్డి కట్టి, రాకపోకలకు ఒక్కచోట సందు వదిలేవారు. దానికి తలుపు ఉండదు. తాత గొంగడి పరుచుకుని ఆ సందుకు అడ్డంగా పడుకునేవాడు. లోపలి గొర్రె బయటికి పోవాలన్నా, బయటి నక్క లోపలికి రావాలన్నా ఆయన్ను దాటాల్సిందే. ద్వారం నేనే అని యేసు ఎందుకన్నాడో నాకు అక్కడే అర్థమైంది. ఆ తర్వాత విన్న ఏ ప్రసంగమూ అంత తేటగా చెప్పలేదు.

మధ్యాహ్నం చెరువు దగ్గర రెండు మందలు కలిసిపోయేవి. నాకు అన్నీ ఒక్కలాగే కనబడేవి. తాత లేచి గొంతెత్తి ఒక కూత పెట్టి వెనక్కి చూడకుండా గట్టెక్కేవాడు. మన గొర్రెలు ఒక్కొక్కటే నీళ్ళలోంచి మూతి ఎత్తి ఆయన వెంట నడిచేవి. కోత పండుగకు జొన్నల మూటలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు గుడికి తెచ్చి వేలం వేసేవారు. తాత మందలో మొదటి పొట్టేలు పిల్లను తోలుకొచ్చేవాడు.

ఇదంతా నా పిల్లకు అందాలన్నది నా పట్టుదల. కిందటి వేసవిలో ఊరికి తీసుకెళ్ళి చూపిద్దామనుకుంటే అక్కడ మందే లేదు. కాసే ఇళ్ళలోని మగవాళ్ళు సగం మంది గల్ఫ్‌లో ఉన్నారు. నేను పల్లె అనుకుంటూ వెనక్కి చూస్తున్న బతుకు చాలావరకు విమానమెక్కి ఈ ఎడారికే వచ్చేసింది. నా కూతురికి తెలిసిన ఒకే ఒక్క కాపరి జీతగాడు.

ఆ రోజు జవాబు నేను చెప్పలేదు. ఆయనే చెయ్యి కడుక్కుని వచ్చి దాని పక్కన కూర్చున్నాడు. "భయం నాకూ వేస్తుంది పాపా. కానీ యజమాని ఎవరో గొర్రెకు తెలియదు కదా. అది నా ముఖమే చూస్తుంది" అన్నాడు. దుమ్ముతుఫాను లేచిన ఒక సాయంత్రం ఈనే గొర్రె ఒకటి మందకు దూరమైతే, ముఖానికి తడిగుడ్డ చుట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళాడట. తల్లి దొరికేసరికి పిల్ల పుట్టేసిందట. తన చొక్కాలో చుట్టి తెచ్చానని ఫోటో చూపించాడు. మా అమ్మాయి ఆ ఫోటోను చాలాసేపు వదల్లేదు.

ఇంటికి వచ్చాక ఇద్దరం ఆదికాండం 31వ అధ్యాయం తీశాం. పరాయి దేశంలో మామ లాబాను దగ్గర మందలు కాసిన యాకోబు తన గోడు చెప్పుకునే చోటు అది. పగలు ఎండ, రాత్రి మంచు, కంటికి నిద్ర లేదు. మృగాలు చీల్చిన గొర్రె నష్టం అతని నెత్తినే. ఇరవై ఏళ్ళ కొలువు, పదిసార్లు మారిన జీతం. కువైట్‌లోనే మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీల ఎండ నమోదైంది. ఈ నేల మీద ఆ అధ్యాయం చదువుతుంటే, నిన్న ఎవరో ఫోనులో చెప్పుకున్న కష్టంలా ఉంది. మోషే హోరేబు దగ్గర మండే పొదను చూసిన రోజున కాస్తున్నది కూడా మామ యిత్రో మందనే అని అమ్మాయికి గుర్తుచేశాను. జీతగాడి గురించి యేసు చెప్పిన మాట కూలికి పనిచేసే ప్రతివాడి మీదా వేసిన ముద్ర కాదని, ప్రమాదం వచ్చినప్పుడు ఎవరు నిలబడతారన్నదే అందులో ప్రశ్న అని చెప్పాను. అది తలూపింది. నేను మాత్రం తాత కథను ఇకముందు ఎలా చెప్పాలో తేల్చుకోలేకపోతున్నాను.

మన పిల్లలను మనలాంటి ఉద్యోగస్థుల పిల్లల మధ్యే కూర్చోబెట్టకండి. గొర్రెలు కాసే వాళ్ళ పక్కన, తోటపని, ఇంటిపని చేసే వాళ్ళ పక్కన కూర్చోనివ్వండి. ఊరి నుంచి మోసుకొచ్చిన నేర్పు వాళ్ళ చేతుల్లో ఇంకా ఉంది. ఈ సలహా మనస్ఫూర్తిగానే ఇస్తున్నాను. రాస్తుంటేనే మనసు వెనక్కి లాగుతోంది కూడా. ఆయన ఎండలో పడే పాటు నా పిల్లకు వాక్యపాఠం కావడం నాకు తేలిక. ఏసీ గదిలో కూర్చుని ఆయన ఓర్పును మెచ్చుకోవడానికి నాకేం ఖర్చవుతుంది? ఆయన నోరు తెరిచి జీతం సమయానికి అందడం లేదంటే, అప్పుడు నేను నిలబడతానా?

ఆయనకూ ఊళ్ళో ఒక కూతురు ఉంది, మా అమ్మాయి ఈడుదే. నెలనెలా డబ్బు పంపుతాడు, వీలైన రాత్రుల్లో వీడియోలో మాట్లాడతాడు. అది నడక నేర్చిందీ, బడికి వెళ్ళిందీ ఆయన ఫోనులోనే చూశాడు. ఆ ఊరి సండే స్కూల్లో కూడా మంచి కాపరి కథ చెబుతూనే ఉంటారు. అది విని ఆ పిల్ల ఏం అడిగిందో ఆయన్ను అడగాలని ఉంది. ఇంతవరకు ధైర్యం చాల్లేదు.