కథోలిక మఠాలలో చెప్పుల పంచాయితీ

యేసు ప్రభువు శిష్యులను ఊళ్ళ మీదికి పంపుతూ చెప్పులు వేసుకోమన్నాడా, వద్దన్నాడా అన్న ప్రశ్నకు సువార్తలలో ఒకే జవాబు దొరకదు. మత్తయి సువార్త పదవ అధ్యాయంలోనూ, లూకా సువార్త పదవ అధ్యాయంలోనూ చెప్పులు వద్దనే ఉంది. మార్కు సువార్త ఆరవ అధ్యాయంలో మాత్రం చెప్పులు తొడుక్కోవచ్చు, రెండు అంగీలే కూడదు. ఈ తేడాను వ్యాఖ్యాతలు ఎలా సమన్వయించుకున్నా, సన్యాస సభలలో, అంటే ఒకే నియమావళి కింద బతికే సన్యాసుల సంఘాలలో, పదిహేను వందల ఏళ్ళకు పైగా పాదాల గురించి సాగిన వాదమంతా ఈ రెండు మాటల మధ్యనే నలిగింది. ఆ చరిత్రను చదివినకొద్దీ నాకు కలిగిన అభిప్రాయం ఒకటుంది. ఒక సభ చెప్పుల విషయంలో ఏ నియమం పెట్టుకుందో తెలుసుకోవడం కన్నా, ఆ నియమానికి ఏ మినహాయింపు ఇచ్చిందో చూస్తే ఆ సభ స్వభావం ఎక్కువగా తెలుస్తుంది.

ఈజిప్టు ఎడారులలోని మఠవాసుల అలవాట్లను ఐదవ శతాబ్దం తొలినాళ్ళలో గ్రంథస్థం చేసిన జాన్ కాసియన్ వారి పాదరక్షల కోసం ప్రత్యేకంగా ఒక చిన్న అధ్యాయం కేటాయించాడు. సువార్త కాదన్నది కనుక వారు మామూలుగా ఉత్త కాళ్ళతోనే ఉండేవారు. అయితే ఒంట్లో నలతగా ఉన్నా, చలికాలం తెల్లవారుజామున నేల గడ్డకట్టినా, మిట్టమధ్యాహ్నం ఇసుక కాలినా చెప్పులు వేసుకోవడానికి వారికి అభ్యంతరం ఉండేది కాదు. అలా వేసుకున్నవారు కూడా దివ్యసత్ప్రసాదాన్ని (పూజలో ఇచ్చే పవిత్రమైన రొట్టెను) స్వీకరించడానికి వెళ్ళేటప్పుడు వాటిని విడిచేవారు. మండుతున్న పొద ఎదుట, నీవు నిలిచిన చోటు పవిత్రమైనది కనుక చెప్పులు విడువుమని మోషే విన్న ఆజ్ఞే అందుకు ఆధారం. ఇక్కడ రెండు వేర్వేరు కారణాలు పక్కపక్కన ఉన్నాయి: పేదరికం కోసం చెప్పులు మానుకోవడం ఒకటి, పవిత్ర స్థలమని చెప్పులు విడవడం మరొకటి. గుడి మెట్ల దగ్గర చెప్పులు వదిలే అలవాటున్న మనకు రెండవది చెప్పకుండానే అర్థమవుతుంది. ఐరోపాలో పోట్లాటలన్నీ మొదటిదాని గురించే జరిగాయి.

530 ప్రాంతంలో ఇటలీలో నియమావళి రాసిన పునీత బెనెడిక్టు ఈ పోట్లాటలోకి దిగనే లేదు. నియమావళి యాభై అయిదవ అధ్యాయంలో మఠవాసికి ఇవ్వవలసిన వస్తువుల జాబితా ఉంది: పై వస్త్రం, అంగీ, మేజోళ్ళు, పాదరక్షలు, నడికట్టు, కత్తి, రాసుకునే గంటం, సూది, చేతిరుమాలు, రాతపలకలు. వాటి రంగు గురించి గాని ముతకదనం గురించి గాని మఠవాసులు సణగకూడదు. ఆ ప్రాంతంలో ఏది దొరికితే అది, ఏది చవకగా వస్తే అది వాడుకోవాలి. చలి ప్రాంతంలో ఎక్కువ, వేడి ప్రాంతంలో తక్కువ కావలసి వస్తుంది కనుక ఆ సంగతి మఠాధిపతి చూసుకుంటాడు. ఇందులో వీరత్వం ఏమీ లేదు. అయితే అదే నియమావళిలో, వంటశాలలో వారం పని ముగించినవారూ, కొత్తగా పనిలోకి వచ్చేవారూ కలిసి మఠంలో అందరి కాళ్ళూ కడగాలని ఉంది. తన కాళ్ళకు ఏముందన్నది కాకుండా ఎదుటివాని కాళ్ళకు ఏం చేశామన్నది ముఖ్యమనుకున్న మనిషి రాసిన నియమాలుగా ఇవి నాకు కనిపిస్తాయి.

పన్నెండవ శతాబ్దానికి పరిస్థితి మారింది. పట్టణాలు పెరిగాయి, మఠాలకు భూములూ ఆదాయాలూ పెరిగాయి, ఉత్త కాళ్ళు ఒక నిందారోపణగా మారాయి. 1179లో మూడవ లాటెరన్ మహాసభ జరుగుతున్నప్పుడు రోముకు వచ్చిన వాల్డెన్సీయులను, అంటే పేదరికాన్ని పాటిస్తూ ఊరూరా బోధించే ఒక వర్గంవారిని, చూసిన ఇంగ్లండు రచయిత వాల్టర్ మ్యాప్, వారు ఇద్దరిద్దరుగా, చెప్పులు లేకుండా, ఉన్ని బట్టలతో, తమదంటూ ఏమీ లేకుండా తిరుగుతున్నారని రాసిపెట్టాడు. ఆ పాదాలు ఎవరినీ ఏమీ అనకపోయినా, గుర్రమెక్కి వచ్చే మఠాధిపతులకు చెప్పవలసింది చెప్పేశాయి. 1184లో వారిపై శ్రీసభ (కథోలిక చర్చి) శిక్ష విధించింది. వారి ఉపదేశకులు వేసుకునే, పైభాగం తెరిచి ఉండే చెప్పులు క్రమంగా వారి గుర్తుగా మారాయి. వారిలో కొందరు తిరిగి శ్రీసభలోకి వచ్చినప్పుడు, ఆ చెప్పులు చూసి జనం అపార్థం చేసుకుంటారేమోనన్న సంగతిని మూడవ ఇన్నోసెంట్ పోపు పట్టించుకోవలసి వచ్చింది. చెప్పు ఆకారం ఒక పోపు దాకా వెళ్ళిందంటే నవ్వులాటగా తోచవచ్చు గాని, ఆనాటికి అది వేషం కాదు, పక్షం.

ఆ కాలంలోనే, తన పేరిట ఒక సన్యాస సభను స్థాపించిన పునీత దోమినిక్ చేసిన పని నన్ను బాగా ఆకట్టుకుంటుంది. ఆయన ఊరి బయట దారిలో చెప్పులు విడిచి, వాటిని తానే మోసుకుంటూ రాళ్ళ మీద నడిచేవాడనీ, ఊరు దగ్గర పడగానే మళ్ళీ తొడుక్కునేవాడనీ, ఆయనను పునీతునిగా ప్రకటించే ముందు 1233లో జరిగిన విచారణలో ఆయన సహచరులు సాక్ష్యమిచ్చారు. చూసేవారు ఉన్నచోట చెప్పులు, చూసేవారు లేనిచోట ఉత్త కాళ్ళు. ఈ వరుసను తలకిందులుగా పాటించినవారు అన్ని మతాలలోనూ కావలసినంత మంది ఉన్నారు.

మరో సన్యాస సభను స్థాపించిన అస్సీసిపుర ఫ్రాన్సిస్ సంగతి వేరు. 1208లో పోర్సియుంకులా అనే చిన్న గుడిలో, శిష్యులను పంపే సువార్త భాగాన్ని విని, తనకు కావలసింది ఇదేనంటూ ఆయన వెంటనే చెప్పులు విప్పేశాడని, చేతికర్ర వదిలేశాడని, తోలు నడికట్టు తీసి తాడు కట్టుకున్నాడని తొలి జీవిత చరిత్రకారుడు సెలానో థామస్ చెబుతాడు. ఇంత నాటకీయంగా మొదలుపెట్టిన మనిషి, 1223 నవంబరు 29న మూడవ హొనోరియస్ పోపు ఆమోదించిన నియమావళిలో ఏమి రాశాడు? అవసరం వల్ల తప్పనిసరి అయినవారు పాదరక్షలు వేసుకోవచ్చునని రాశాడు. స్పష్టమైన అవసరం గాని జబ్బు గాని ఉంటే తప్ప గుర్రమెక్కకూడదని కూడా రాశాడు. మరుసటి ఏడాది లా వెర్నా కొండ మీద ఆయన దేహం మీద, సిలువపై యేసుకు తగిలిన గాయాల వంటి పంచగాయాలు కలిగాయి. పాదాలు నేల మీద మోపలేని స్థితిలో గాడిద మీద ప్రయాణించవలసి వచ్చింది. గాయపడిన ఆ పాదాల కోసం ఆయన శిష్యురాలైన పునీత క్లారా కుట్టి ఇచ్చినవని సంప్రదాయం చెప్పే మెత్తని పాదరక్షలు అస్సీసిలో నేటికీ ఉన్నాయి. ఇతరుల బలహీనత కోసం రాసిపెట్టిన రెండు మినహాయింపులూ చివరి రెండేళ్ళలో ఆయనకే పనికొచ్చాయి.

ఆయన పోయిన తరువాత ఆ ఒక్క వాక్యం న్యాయశాస్త్రమైపోయింది. అవసరమంటే ఏది, అది ఎవరు తేల్చాలి, కింద అట్ట, పైన రెండు వారలు మాత్రమే ఉన్నది పాదరక్ష అవుతుందా కాదా? 1312లో ఐదవ క్లెమెంట్ పోపు, అవసరం లేకుండా పాదరక్షలు వేసుకోకూడదన్న మాటను ఫ్రాన్సిస్ సభ సభ్యులను గట్టిగా బంధించే నియమాలలో ఒకటిగా లెక్కకట్టాడు. 1368లో పావులుచ్చో త్రించి అనే సోదరుడు కొద్దిమందితో ఫొలీఞ్ఞో సమీపంలోని బ్రొల్యానో కొండలకు వెళ్ళి నియమావళిని అక్షరాలా పాటించడానికి పూనుకున్నప్పుడు, రాళ్ళూ పాములూ ఉన్న ఆ నేల మీద వారు స్థానిక రైతుల కొయ్య చెప్పులు వేసుకోక తప్పలేదు. నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించడానికి బయలుదేరిన ఆ సంస్కరణవాదులను ఇటలీలో జనం ఆ కొయ్య చెప్పుల పేరుతోనే పిలిచారు.

ఇక స్పెయిన్‌లో కార్మెల్ సభ సన్యాసిని, ఆ సభను సంస్కరించిన ఆవిలాపురి తెరేసమ్మ. 1562 ఆగస్టు 24న ఆవిలాలో సాన్ హొసే అనే చిన్న కన్యామఠాన్ని నలుగురు కొత్త కన్యలతో (సన్యాసినులతో) ఆమె ప్రారంభించింది. అంతకు ముందు ఆమె ఉన్న ఎన్‌కర్నసియోన్ మఠంలో నూట యాభై మందికి పైగా కన్యలుండేవారు. పెద్దింటి ఆడపడుచులకు సొంత గదుల వరుసలుండేవి, పేరుకు ముందు దొరసానితనపు బిరుదులు అలాగే సాగేవి. కాస్టీలియా ప్రాంతంలో తోలు బూటు అంతస్తుకు గుర్తు, నార చెప్పు పొలం పనివారిది. తెరేసమ్మ ఎంచుకున్నది ఆ నార చెప్పునే. నారను జడలా అల్లి, ఆ జడను కోలగా చుట్టలు చుట్టి, పెద్ద సూదితో అడ్డంగా కుట్టి అడుగు తయారుచేస్తారు. పైన గుడ్డ ముక్క, చీలమండకు కట్టుకోవడానికి దారాలు. స్పెయిన్‌లో దీన్ని అల్పర్గాతా అంటారు. తన మఠాలకు రాసిన నియమాలలో ఆమె వీటినే విధించి, మర్యాద కోసం ముతక గుడ్డ మేజోళ్ళు కూడా జోడించింది. అంటే లోకం ఉత్త కాళ్ళ కార్మెల్ కన్యలని పిలిచే వారి కాళ్ళకు మొదటి నుంచీ చెప్పులూ ఉన్నాయి, మేజోళ్ళూ ఉన్నాయి.

ఆమెకు కఠిన తపస్సు తెలియక కాదు. ఆమెకు అండగా నిలిచిన అల్కాంతరా పీటర్ ఎండయినా వానయినా కాళ్ళకు ఏమీ తొడగలేదని ఆమే ఎంతో గౌరవంతో రాసింది. 1568 నవంబరులో దురువేలో అనే కుగ్రామంలో సిలువ యోహాను, అంతోనియో అనే మరొక గురువు (పూజారి) ఆమె సంస్కరణ ప్రకారం పురుషుల మఠం మొదలుపెట్టినప్పుడు, వారు ఉత్త కాళ్ళతో మంచులో ఆమడల కొద్దీ నడిచి బోధించడానికి వెళ్ళేవారని కూడా ఆమే చెప్పింది. అల్పర్గాతాలు వేసుకోవాలని వారికి ఆజ్ఞ తరువాత వచ్చిందని ఆ వెంటనే చేర్చింది. 1576 డిసెంబరులో ఒక లేఖలో, సోదరులు ఉత్త కాళ్ళతో నడవాలన్నది తన కోరిక అని ఎవరో అన్నారట, అది విని నవ్వొచ్చిందనీ, మొదటి నుంచీ అంతోనియో గురువుకు అది వద్దని చెబుతూ వచ్చింది తానేననీ రాసింది. తపస్సు పేరిట వచ్చే అహంకారాన్ని ఆమె అంత దగ్గరగా చూసింది. అయినా సభలో చీలిక ఆగలేదు. 1577 డిసెంబరులో, సంస్కరణను ఒప్పుకోని, బూట్లు వేసుకునే పాత శాఖవారు సిలువ యోహానును పట్టుకుపోయి తొలెదోలో తమ మఠంలోనే నిర్బంధించారు. ఎనిమిది నెలలకు పైగా ఒక ఇరుకు గదిలో ఉండి ఆయన 1578 ఆగస్టులో తప్పించుకున్నాడు. 1593లో ఎనిమిదవ క్లెమెంట్ పోపు రెండింటినీ వేర్వేరు సభలుగా విడదీశాడు. తగవుకు కారణం చెప్పులు కావు. మఠంలో ఏకాంతం, ఆదాయం, అధికారం ఎవరి చేతిలో ఉండాలన్నది. జనానికి కంటికి కనబడే తేడా మాత్రం పాదాల దగ్గరే ఉంది.

స్పెయిన్‌లో ఉత్త కాళ్ళకు గొప్పింటి ఆదరణ కూడా దొరికిందని ఇక్కడే చెప్పాలి. ఐదవ చార్లెస్ చక్రవర్తి కూతురు హువానా 1559లో తాను పుట్టిన మాడ్రిడ్ భవనంలోనే పునీత క్లారా బాటలో నడిచే చెప్పుల్లేని కన్యల మఠం స్థాపించింది. రాజవంశపు స్త్రీలు అక్కడ చేరడం వల్ల చిత్రపటాలూ, తివాచీలూ, పునీతుల అవశేషాల పేటికలూ పోగై, ఆ మఠంలో కొంత భాగం ఇప్పుడు ప్రదర్శనశాలగా ఉంది.

యేసు సభ (జెసూట్ల సభ) స్థాపకుడు ఇగ్నేషియస్ తన సభకు ప్రత్యేక వేషమే వద్దన్నాడు. ఆయన మాత్రం అంతకు ముందు బార్సెలోనాలో చదువుకునేటప్పుడు తన బూట్ల అడుగున చిల్లు పెట్టి, దాన్ని రోజూ కొంచెం కొంచెం పెద్దది చేస్తూ పోయాడు. చలికాలం వచ్చేసరికి పై తోలు మాత్రమే మిగిలింది. బయటికి బూటు, లోపల ఉత్త పాదం.

ఆ సభకే చెందిన రోబెర్తో దె నోబిలి 1606లో మదురై చేరినప్పుడు ఈ ప్రశ్న పూర్తిగా మరో రూపం తీసుకుంది. అక్కడ నల్ల అంగీ, తోలు బూట్లు పరంగివాడి గుర్తులు. అవి ఉన్నంత కాలం బ్రాహ్మణులు గడప దాటనివ్వరు. ఆయన కాషాయం కట్టి, మాంసం మాని, తోలు బూట్లు వదిలి పాంకోళ్ళు తొడిగాడు. తెలుగు నాయక రాజులు ఏలుతున్న ఆ నగరంలో తమిళం, సంస్కృతంతో పాటు తెలుగు కూడా నేర్చుకున్నాడు. పద్ధెనిమిదవ శతాబ్దం తొలినాళ్ళలో పుంగనూరు, కృష్ణాపురం ప్రాంతాలకు వచ్చిన ఫ్రెంచి యేసు సభ గురువులు కూడా ఇదే సన్యాసి జీవనాన్ని అనుసరించారు. కాస్టీలియాలో తోలు వదలడమంటే పేదల వైపు ఒక అడుగు. మదురైలో తోలు వదలడమంటే అగ్రహారం వైపు ఒక అడుగు. నోబిలి పాండిత్యం మీద నాకు గౌరవమున్నా, తోలు మైలన్న మాటను ఒప్పుకోవడంతో ఆ తోలును పనిచేసే చేతులు మైలన్న మాటను కూడా ఒప్పుకున్నట్టే అయిందని నేననుకుంటాను. నేడు తెలుగునాట కథోలిక సంఘంలో ఆ చేతుల వారసులైన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కనుక ఈ మాట దాటవేయడం నాకు సబబుగా తోచదు.

రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరులో సన్యాస జీవితం గురించి వెలువరించిన పత్రంలో, సన్యాస వస్త్రాలు నిరాడంబరంగా, పేదవారికి తగినట్టు ఉండాలనీ, ఆరోగ్యానికీ, కాలానికీ, ప్రదేశానికీ సరిపడాలనీ చెప్పింది. బెనెడిక్టు మాట పద్నాలుగు శతాబ్దాల తరువాత మళ్ళీ వినిపించింది. 1969 ఏప్రిల్‌లో భారతదేశంలోని దివ్య బలిపూజకు (గుడిలో జరిగే ప్రధాన ఆరాధనకు) రోము పన్నెండు మార్పులను ఆమోదించినప్పుడు, నేల మీద కూర్చోవడం, హారతి ఇవ్వడం వంటి వాటితో పాటు పాదరక్షలు తీసివేయడం కూడా అందులో చేరింది. కాసియన్ చూసిన ఈజిప్టు మఠవాసులు చేసిందీ అదే. తెలుగు పల్లెల్లో చాలాచోట్ల విశ్వాసులు అప్పటికే చెప్పులు గుడి గుమ్మం బయట వదిలి, లోపల చాపల మీద కూర్చునేవారు. వారు ఎవరి అనుమతీ అడగలేదు. 1969 నాటి అనుమతి అవసరమైంది బలిపీఠం దగ్గర బూట్లతో నిలబడే గురువులకు.