సెన్సర్ మార్చే ముందు

సెలవుకి విశాఖ వచ్చిన రెండో రోజే గాజువాక ఆటోనగర్‌లో నేను పని నేర్చుకున్న షెడ్డుకి వెళ్లాను. ఓ కారుకి, లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టిన కుర్రాడు కేకేశాడు: "అన్నా, పి0016! క్యామ్ సెన్సర్ పోయినట్టుంది, తెచ్చేయనా?"

"ఆగు తమ్ముడూ" అన్నాను. పదేళ్ల కిందట షార్జాలో నన్నలా ఆపినవాళ్లు లేరు.

అక్కడ గ్యారేజీలో చేరిన కొత్త. భీమిలి ఆయన ఒకరు కారు తెచ్చారు. ఇదే కోడ్. సెన్సర్ మార్చి, కోడ్ చెరిపేసి పంపించాను. నాలుగో రోజుకి లైటు మళ్లీ వెలిగింది. "మనోడివని నీ దగ్గరికొచ్చాను తమ్ముడూ" అన్నారంతే. ఇంటికి పంపాల్సిన డబ్బులోంచి నాకు కట్టారని తెలిసి, ఆ రాత్రి రూములో అన్నం సయించలేదు.

పిస్టన్లు తిప్పే క్రాంకు రెండు చుట్లు తిరిగితే, వాల్వులు తెరిచే క్యాము ఒక్క చుట్టు తిరగాలి. ఆ రెంటినీ కలిపేది చైన్. ఒకదానికొకటి ఉండాల్సిన చోట లేవని చెప్పేదే పి0016. సెన్సర్ సర్క్యూటే పాడైతే మామూలుగా పి0340 లాంటిది వస్తుంది. నేను బాగున్న సెన్సర్‌ని తీసి పడేశాను.

మర్నాడు పొద్దున్నే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించి పక్కనే నిలబడ్డాను. రెండు మూడు సెకన్లు చైన్ వైపు నుంచి గలగల. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ తారులా ఉంది, కింది గీతకి కూడా అందలేదు. 45 డిగ్రీల ఎండలో ఏసీ వేసి గంటల తరబడి నడిపే బండికి ఆయిల్ మార్చడం వాయిదా వేస్తే అంతే మరి. క్యామ్‌ని ముందుకీ వెనక్కీ జరిపేది ఆ ఆయిల్ ఒత్తిడే. ఆ ఆయిల్‌ని అదుపు చేసే కంట్రోల్ వాల్వ్ విప్పితే దాని సన్నటి జాలీ నిండా నల్లటి మడ్డి. కడిగాను, ఆయిల్, ఫిల్టర్ మార్చాను. మోత పోలేదు. కవర్ విప్పి చూస్తే, చైన్‌ని బిగించి ఉంచే టెన్షనర్ చివరిదాకా బయటికొచ్చినా చైన్ ఇంకా వదులే. సాగిపోయింది. కొత్త చైన్, టెన్షనర్, గైడ్లు వేసి, క్రాంకుని చేత్తో రెండు చుట్లు తిప్పి, పళ్లచక్రాల గుర్తులు మళ్లీ కలిశాకే స్టార్ట్ చేశాను. కూలి తీసుకోలేదు.

కుర్రాడు స్కానర్ పక్కన పెట్టాడు. డిప్‌స్టిక్ లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి వెలుతురుకి పట్టాడు.

"ఆయిల్ బాగానే ఉందన్నా."

"అయితే ఇంజిన్ చల్లారనీ. రేపు పొద్దున్నే వస్తాను, నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యకు."